గూబను వెళ్ళగొట్టడానికి రామకుప్పం దాకా

రెండు వేల మూడో సంవత్సరం, ఫిబ్రవరి నెల, శుక్రవారం. ఉదయం ఆరుంబావుకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాను. చేతిలో ఒక సంచి. అందులో మూడు చీరలు, నల్ల అట్ట బైబిలు, పాటల పుస్తకం. తినడానికి ఏమీ పెట్టుకోలేదు. మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చేయాలని ఇంట్లోంచి బయల్దేరేటప్పుడే తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం పుంగనూరు దాకా నిలిచింది. మదనపల్లె నుంచి పుంగనూరు ముక్కాల్గంట ప్రయాణం.

నేను వెళ్తున్నది ఒక గుడ్లగూబను వెళ్ళగొట్టడానికి. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది గానీ ఆ రోజు ఎవరూ నవ్వలేదు. ముందురోజు సాయంత్రం మా సంఘ పెద్దలు నలుగురు నా తలమీద చేతులుంచి ప్రార్థించి మరీ పంపించారు.

నాకింత పేరు రావడానికి కారణం తేనెటీగలు. అంతకు రెండేళ్ళ ముందు మా చర్చి గంట పక్కన పెద్ద తేనెపట్టు పట్టింది. ఆదివారం గంట కొట్టాలంటే భయం. నేను మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థన చేశాను. నాలుగో రోజు పొద్దునకు ఒక్క ఈగ లేదు. మా సంఘాల్లో సాక్ష్యం చెప్పడమని ఒక ఆచారముంది. ఆదివారం ఆరాధనలో పాటలకూ ప్రసంగానికీ మధ్య, దేవుడు తనకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి రెండు నిమిషాలు చెప్పవచ్చు. నేను ఇరవై నిమిషాలు చెప్పాను. పూత అయిపోతే ఈగలు వాటంతట అవే లేచిపోతాయని తేనె తీసే మనిషి ఒకాయన నాతో అన్నాడు. ఆ మాట సాక్ష్యంలో చేర్చలేదు. ఆ సాక్ష్యం బి.కొత్తకోట దాకా, తర్వాత కుప్పం దాకా పోయింది. పోయేకొద్దీ ఈగలు పెరిగాయి, ఉపవాసం రోజులూ పెరిగాయి.

నన్ను పిలిచింది సలోమి. మదనపల్లెలో నా సండే స్కూలు పిల్ల. తల్లి చిన్నప్పుడే పోయింది. అందుకని ఏ కష్టమొచ్చినా నాకే ఉత్తరం రాస్తుంది. ఆమె భర్త జయరాజుది రామకుప్పానికి రెండు మైళ్ళ దూరంలో ఒక పల్లె. వాళ్ళ నాయన కూలికి పోయి చదివించాడు. ఇప్పుడు జయరాజు మండలాఫీసులో అటెండరు. ఊరి చివర రాతిగుట్ట కింద కొత్త ఇల్లు కట్టుకున్నారు. ఆ ఇంట్లో చేరిన ఏడాదే సలోమికి ఐదో నెలలో కడుపు పోయింది. ఇప్పుడు మళ్ళీ ఏడో నెల. జనవరి నుంచి రోజూ పొద్దుగూకేసరికి ఇంటి వెనక గుట్టమీద గూబ కూస్తోంది. పోయిన ఏడు కూడా ఇట్లాగే కూసిందని అత్త మార్తమ్మ గుర్తు చేసింది. ఆ మాట విన్నప్పటి నుంచి సలోమికి సాయంత్రం ముద్ద దిగడం లేదు. రక్తం తక్కువగా ఉంది, కడుపునిండా తినకపోతే కష్టమని నర్సమ్మ హెచ్చరించింది.

ఇల్లు వదిలేసి కుప్పంలో తెలిసినవాళ్ళ ఒంటిగదికి పోదామని మార్తమ్మ పట్టు. కట్టుకున్న ఇల్లు వదలడానికి జయరాజుకు మనసు రాలేదు. మునెప్ప అని రాళ్ళు కొట్టే ముసలాయన దగ్గరికి వెళ్ళి, గూబ కూర్చునే బండను పగలగొట్టమని అడిగాడు. దానిమీద పిల్లలున్నాయి, అవి లేచిపోయేదాకా సుత్తి పెట్టనని మునెప్ప తేల్చి చెప్పాడు. సుత్తి కుదరలేదు కాబట్టి నాకు ఉత్తరం వచ్చింది.

బస్సులో కూర్చుని లేఖనాల్లో గూబ ఉన్న చోట్లన్నీ వెతికి కాగితంమీద రాసుకున్నాను. తినకూడని పక్షుల జాబితాలో ఉంది. పాడుపడిన పట్టణాల వర్ణనలో ఉంది. దుఃఖంలో ఉన్న భక్తుడొకాయన తనను దానితో పోల్చుకున్న చోట ఉంది. అది కూస్తే మనుషులు పోతారని మాత్రం ఎక్కడా లేదు. రెండోసారి వెతికాను. లేదు. నా ప్రసంగానికి అది పనికిరాని సంగతి కాబట్టి కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. తినకూడదన్న ఆజ్ఞ కూడా పెద్దగా ఉపయోగపడేలా లేదు. రామకుప్పంలో ఎవరూ దాన్ని తినడం లేదు.

పక్క సీట్లో కూర్చున్నామె ఒళ్ళో ఖాళీ టమోటా బుట్ట. మార్కెట్టులో సరుకు దింపి ఇంటికి పోతోంది. యాడికమ్మా అని అడిగింది. చెప్పాను. గూబ సంగతి కూడా చెప్పాను, కాస్త గొప్పగానే. ఆమె బుట్ట సర్దుకుని నావైపు తిరిగింది.

"దాన్ని తోలేది నిజమేనా?"

"ప్రార్థన చేస్తాను. పోతుంది."

"అట్లయితే మా సేను పక్కకి తోలమ్మా. శెనక్కాయల్ని ఎలకలు బతకనీకుండా ఉండాయి."

ఆమె ఎగతాళి చేసిందో, నిజంగానే అడిగిందో నాకిప్పటికీ తెలియదు. నేను మాత్రం ఆమె విశ్వాసం కోసం మనసులో ప్రార్థించుకున్నాను.

ఏడు గంటలకు పుంగనూరు. పలమనేరు బస్సు ఏడు నలభైకి. బస్టాండు ఎదుట కొట్లో ఇడ్లీ కుండ మూత తీశారు. ఉపవాసం గమ్యం చేరాక మొదలవుతుందే గానీ దారిలో కాదని నాకు సరిగ్గా అప్పుడే స్ఫురించింది. నాలుగు ఇడ్లీలు, శెనక్కాయల చట్నీ, ఒక టీ. ఈ దారిన వెళ్ళేవాళ్ళెవరైనా పుంగనూరులోనే తినండి. తర్వాత బస్సులు మారే హడావుడిలో తీరిక దొరకదు.

తొమ్మిదింటికి పలమనేరు. అక్కడ వి.కోట మీదుగా పోయే రామకుప్పం బస్సు దొరికింది గానీ సీటు దొరకలేదు. కండక్టరు నన్ను ఇంజను పక్కన కూర్చోబెట్టాడు. ఫిబ్రవరి చలి పోయి ఒళ్ళు కాలేదాకా అది మంచి చోటే. నా ఎదుట నిలబడిన తువ్వాలు పెద్దమనిషి నేను ఎవరితోనో గూబ గురించి చెప్తుంటే విని, ఏనుగులకు ప్రార్థన లేదా అని అడిగాడు. పోయిన నెల అడివిలోంచి వచ్చి ఆయన రాగిచేను తొక్కిపోయాయట. ఏనుగుల గురించి లేఖనాల్లో ఏమీ వెతుక్కోలేదు కాబట్టి కిటికీలోంచి బయటికి చూశాను.

పదకొండున్నరకు రామకుప్పం. జయరాజు మోపెడ్ తెచ్చాడు. ముప్పై ఏళ్ళ లోపు మనిషి, బక్కగా ఉంటాడు. గుట్ట దగ్గర దారి ఎత్తెక్కేచోట మోపెడ్ ఆగిపోయింది. అతను నావైపు చూడకుండా, బండి పాతదయింది టీచరమ్మా అన్నాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు. దిగి నడిచాను.

ఇల్లు ముచ్చటగా ఉంది. నీలం సున్నం, రెండు గదులు, పైన మిద్దె. వెనక నూరడుగుల దూరంలో గుట్ట, నిలువునా పగుళ్ళు పట్టిన పెద్ద పెద్ద బండలు. సలోమి గడపలో నిలబడింది. పెళ్ళినాడు చూసిన ముఖం కాదు. చెంపలు లోపలికి పోయాయి, కళ్ళకింద నల్లగా ఉంది. నన్ను చూడగానే చెయ్యి పట్టుకుని వదల్లేదు.

మధ్యాహ్నం రాగి సంగటి, పితికిపప్పు. అనపకాయల గింజలు నానబెట్టి, ఒక్కొక్కదాన్ని పితికి పొట్టు తీసి చేసే కూర అది. ఆ వాసన వీధి చివరిదాకా వస్తుంది. నేను ఉపవాసమని చెప్పి గోడకు ఆనుకుని కూర్చున్నాను. సలోమి కూడా పళ్ళెం పక్కకు జరిపింది. యాల తినవని మార్తమ్మ గద్దించింది.

"టీచరమ్మ నాకోసరం పస్తుంటే నేనెట్లా తినేది అత్తా."

రక్తం లేని పిల్ల చేత అన్నం తినిపించడానికి అరవై మైళ్ళు వచ్చి, వచ్చిన గంటలోనే ఆమె చేత మధ్యాహ్నం అన్నం కూడా మాన్పించాను. మార్తమ్మ నావైపు చూసిన చూపుకు అర్థం చెప్పనక్కర లేదు. ఒంటిగంటన్నరకు నా ఉపవాసం ముగిసింది. రెండు ముద్దలు తిన్నాను. సలోమి ఒకటి తినింది.

సాయంత్రం అయిదున్నరకు చుట్టుపక్కల విశ్వాసులు అయిదుగురు వచ్చారు. ఒకరి చేతిలో కంజిర. జయరాజు, మార్తమ్మ, నేను కలిసి ఎనిమిది మందిమి. సలోమిని మిద్దెమీద కూర్చోబెట్టి పాడుకుంటూ గుట్ట దగ్గరికి నడిచాం. ఒక బండ వాకిట్లో, నీడలో, ఇంకో చిన్న బండ నిలబడి ఉన్నట్టుంది. దానికి కళ్ళు తెరుచుకున్నాయి. నారింజ రంగు కళ్ళు, ఒక్కోటి రూపాయి బిళ్ళంత. మూర కంటే కాస్త ఎత్తు. తలమీద కొమ్ముల్లా రెండు ఈకల కుచ్చులు. ఒళ్ళంతా ఎండిన గడ్డీ మట్టీ కలిసిన రంగు, ఆ రాతికే పూసినట్టు. కదలకుండా నన్నే చూసింది. నేను ఒక అడుగు పక్కకు వేస్తే తల మాత్రం నా వెంట తిరిగింది.

నేను చెయ్యెత్తి, దేవుని నామంలో ఈ స్థలం వదిలి పొమ్మని గట్టిగా ఆజ్ఞాపించాను. ఇంకో రెండడుగులు ముందుకు వేశాను.

గూబ లేచింది. రెండు బారలు ఎగిరి దబ్బున నేలమీద పడింది. ఒక రెక్క వేలాడుతోంది. దాన్ని ఈడ్చుకుంటూ, పక్కకు ఒరిగిపోతూ, మళ్ళీ లేస్తూ, తుప్పల వైపు పాకింది. మా వెనక కంజిర ఆగిపోయింది. తేనెటీగలప్పుడు కూడా నేను ఏదీ కళ్ళారా చూడలేదు. ఇది నా కళ్ళ ముందు జరిగింది. అందరం ఒక్కసారిగా స్తోత్రం చెప్పి దానివెంట పరుగెత్తాం. జయరాజు చేతిలో కట్టె ఉంది. ఎంత పరుగెత్తినా అది అయిదారు అడుగుల ముందే ఉంది. గుట్ట మలుపు తిరిగాక తుప్పల్లో కనిపించలేదు. రెక్క ఇరిగింది, ఇంక తెల్లారేదాకా బతకదని అందరం అనుకున్నాం.

ఆ సాయంత్రం సలోమి రెండు ముద్దలు తినింది. మార్తమ్మ నాకు నెయ్యి వేసింది.

శనివారం గూబ కూత వినపడలేదు. నిజం చెప్పాలంటే, ఆ సాయంత్రం కృతజ్ఞతా కూడిక పెట్టి కంజిరలతో ఎనిమిదింటిదాకా మేం చేసిన గోలలో గూబ కాదు గదా, రైలు కూసినా వినపడేది కాదు. ఆదివారం పొద్దున ఏడున్నర బస్సుకు కుప్పం వెళ్ళి అక్కడి చర్చిలో సాక్ష్యం చెప్పాను. రెక్క విరిగి పడడం, పాకడం అన్నీ చేత్తో చేసి చూపించాను. పాస్టరుగారు రెండుసార్లు గడియారం చూసుకున్నారు. అయినా చివర్లో గట్టిగా ఆమెన్ అన్నారు. మూడింటికి పల్లెకు తిరిగి వచ్చాను.

సాయంత్రం ఆరుంబావు. సలోమి పళ్ళెం ముందు కూర్చుంది. మొదటి ముద్ద నోటిదాకా వచ్చింది.

గుట్టమీంచి కూత వచ్చింది. లోతైన గొంతు, ఖాళీ కుండలోకి ఊదినట్టు, రెండు ముక్కలుగా. కాసేపాగి మళ్ళీ. తర్వాత ఇంకో గొంతు దానికి బదులు పలికింది. ఒకటి కాదు, రెండు.

సలోమి ముద్ద పళ్ళెంలో పెట్టేసింది. మార్తమ్మ మెల్లగా, సచ్చి మళ్ళా లేసిందంటే అది మామూలు గూబ కాదని గొణిగింది. పొద్దున్నే కుప్పం పోదామని జయరాజుతో చెప్పింది. ఈసారి జయరాజు ఎదురు చెప్పలేదు. సలోమి నావైపు తిరిగింది. గొంతులో ఏడుపు కూడా లేదు.

"మీ ప్రార్థనకే పోలేదంటే, ఇంక దేనికి పోతాది టీచరమ్మా?"

మూడు రోజుల కింద ఆ పిల్లకు ఒక్క గూబ భయమే ఉండింది. నేను వచ్చి, దేవుడు కూడా వెళ్ళగొట్టలేని గూబను చేసి పెట్టాను.

సోమవారం తెల్లవారి ఆరు గంటలకు మునెప్పను వెతుక్కుంటూ వెళ్ళాను. ఆ ఊళ్ళో గూబను చూసి భయపడనిది ఆయనొక్కడే. గుట్టకు అవతలి వైపు, ఉలులు కాల్చే కొలిమి దగ్గర కూర్చుని టీ తాగుతున్నాడు. అరవై దాటిన మనిషి, చేతుల నిండా రాతి గాట్లు.

"మొన్న గూబను పడగొట్టిన మేడమ్మ నువ్వేనా?"

"పడింది. నా కళ్ళతో చూశాను."

"పడతాది. పిల్లలకాడికి ఎవురు పోయినా పడతాది. నాకూ పడింది. మా కుక్కకూ పడింది."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"రెక్క ఇరిగినట్ట ఏసం కడతాదమ్మా అది. పట్టుకుందామని నువ్వు దానెంట పోతావు. పిల్లల్ని ఇడిసి దూరం పోయినాక లేసి ఎగిరిపోతాది. ఎంతమంది పోతిరి దానెంట?"

"ఎనిమిది మందిమి."

"కంజిర గూడానా?"

"కంజిర కూడా."

ఆయన చాలాసేపు నవ్వి, దగ్గు వచ్చాక ఆపాడు. నాకు కోపం రావలసింది, రాలేదు. ఎందుకంటే ఆ పరుగులో గూబ ఒక్కసారి వెనక్కి తిరిగి, మేం వస్తున్నామా లేదా అని చూసుకోవడం నేను గమనించాను. సాక్ష్యంలో ఆ ముక్క వదిలేశాను.

మునెప్ప నన్ను దూరపు బండ చాటుకు తీసుకెళ్ళి చూపించాడు. గూడు లేదు, ఒక పుల్ల కూడా లేదు. రాతి వాకిట్లో మట్టిలో చిన్న గుంట, అందులో రెండు పిల్లలు. బూడిద రంగు నూగుతో దూది ఉండల్లా ఉన్నాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. మొదటి గుడ్డు పెట్టగానే తల్లి పొదగడం మొదలుపెడుతుంది, అందుకే ఒకటి ముందు, ఒకటి వెనక పుడతాయట. మమ్మల్ని పసిగట్టి పెద్ద పిల్ల రెక్కలు విప్పి ఒళ్ళు రెండింతలు చేసి, ముక్కు టకటక కొట్టింది. పిడికెడు పిల్ల. నేను శుక్రవారం చెయ్యెత్తిన తీరు గుర్తొచ్చింది. దానిది నాకంటే న్యాయమైన కోపం.

బండ కింద బొటనవేలంత బూడిద రంగు ఉండలు పడి ఉన్నాయి. మునెప్ప ఒకటి విరిచాడు. లోపల వెంట్రుకలు, సన్నని ఎముకలు, ఎలక పళ్ళు. ఎలకను దొరికింది దొరికినట్టు మింగి, అరగనిది ఇలా ఉండ చేసి కక్కుతుందట. రాలిన ఈక ఒకటి నా చేతిలో పెట్టాడు. అంచు దువ్వెన పళ్ళలా ఉంది. అందుకే ఎగిరేటప్పుడు చప్పుడుండదు, ఎలకకు తెలిసేలోపలే గోళ్ళలో ఉంటుంది. పొద్దంతా ఆడది పిల్లల దగ్గర కావలి. పొద్దుగూకితే మగది కూసి వేటకు పోతుంది, తెచ్చి మళ్ళీ పిలుస్తుంది. మేం దాని కూతకు ఇన్ని అర్థాలు చెప్పుకున్నాం. దానికి తెలిసింది మాత్రం ఇదీ.

నేను ఇంటికి వచ్చేసరికి మార్తమ్మ గిన్నెలు మూట కడుతోంది. అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. శుక్రవారం అది పడింది నా ప్రార్థనకు కాదు, పిల్లల కోసం కట్టిన వేషానికి. తెలియక దేవుని పేరు దానికి తగిలించాను. ఆయన చేసిన ప్రాణిని ఆయన పేరుతోనే తరిమాను.

"అట్లయితే నిన్న సర్చీలో సెప్పింది?" అంది మార్తమ్మ.

"తప్పు చెప్పాను అక్కా."

"అంతమంది ముందరనా?"

"అంతమంది ముందరే."

ఆమె మూట విప్పలేదు గానీ కట్టడం ఆపింది. ఒక్క సాయంత్రం గడువు అడిగాను. ఇచ్చింది. నాకంటే మునెప్ప మాటమీద గురితో ఇచ్చిందని అనుకుంటున్నాను.

ఆరు గంటలకు మిద్దెమీద కుర్చీలు వేశాం. సలోమి చెయ్యి నా చేతిలో ఉంది, చల్లగా. మునెప్ప పిట్టగోడ మీద కూర్చున్నాడు. ఇంకా వెలుగుంది. గుట్ట కొసన ఒక ఆకారం లేచి నిలబడింది. తల వంచి, గొంతు ఉబ్బించి కూసింది. గొంతుకింద తెల్లటి మచ్చ ఒకటి కూసినప్పుడల్లా కనపడింది. సలోమి గోళ్ళు నా అరచేతిలో దిగాయి. అది కనపడకుండా పోయింది. మునెప్ప ఊరుకోమని చెయ్యి చూపాడు. కాసేపటికి మసక చీకట్లో అదే ఆకారం చప్పుడు లేకుండా బండమీద వాలింది, ముక్కున ఏదో వేలాడుతోంది. కింద నుంచి ఆడది బదులు పలికి వచ్చి అందుకుంది. చీల్చి, పెద్ద పిల్ల ఎగబడుతుంటే దానికి ఒక ముక్క పెట్టి, మెడ చాచి వెనకున్న చిన్నదానికి ఇంకో ముక్క అందించింది.

సలోమి గోళ్ళు సడలాయి. మునెప్పవైపు తిరిగి అడిగింది.

"పోయినేడు గూడా ఇవేనా తాతా?"

"ఇవే. అంతకు ముందేడూ ఇవే. ఈడ నీ ఇల్లు లేనప్పుడు గూడా ఉండినాయి. వచ్చింది మీరేనమ్మా."

సలోమి తల వంచుకుంది. ఏడుస్తోందని భుజాలు కదలడం చూసి తెలుసుకున్నాను. ఏడాదిగా ఆ నేరం ఒక పక్షిమీద వేసుకుని ఉంది. ఇప్పుడు వేయడానికి ఎవరూ లేరు.

"అట్లయితే నా బిడ్డ యాల పోయినట్ల టీచరమ్మా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర ఇరవై నిమిషాల జవాబు ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. చాలా ఇళ్ళలో చెప్పాను కూడా. ఆ సాయంత్రం చెప్పలేదు. నాకు తెలియదు బిడ్డా అన్నాను. ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుంది. అలాగే కూర్చున్నాం. గుట్టమీద మగది మళ్ళీ వేటకు పోతూ కూసింది. ఈసారి ఎవరూ ఉలిక్కిపడలేదు.

మార్తమ్మ కిందికి పోయి పళ్ళెం పట్టుకుని పైకి వచ్చింది. కోడలి ముందు పెట్టింది. సలోమి ముఖం తుడుచుకుని గుట్టవైపు చూస్తూ ఒక ముద్ద, తర్వాత ఇంకో ముద్ద తినింది. నేను ఆ రాత్రి చేసిన ప్రార్థన చాలా చిన్నది, కృతజ్ఞత ఒక్కటే.

ఆ తర్వాతి సంగతి ఇక్కడే చెప్పేస్తాను. వాళ్ళు ఇల్లు మారలేదు. ఏప్రిల్ నెలాఖరున సలోమికి ఆడపిల్ల పుట్టింది. గూబపిల్లలు అప్పటికే ఎగరడం నేర్చి గుట్ట దిగిపోయాయని, సాయంత్రాలు బోసిగా ఉన్నాయని ఉత్తరంలో రాసింది.

మంగళవారం కుప్పం వెళ్ళాను. పాస్టరుగారిని కలిసి, చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకోవాలని అడిగాను. సాక్ష్యం చెప్పినవాళ్ళను చూశాను గానీ వెనక్కి తీసుకున్నవాళ్ళను చూడలేదమ్మా అని ఆయన ఇబ్బందిగా నవ్వారు. ఆ సాయంత్రం ప్రార్థన కూడికకు ఆదివారం వచ్చిన జనంలో పదోవంతు కూడా లేరు. లేచి జరిగింది జరిగినట్టు చెప్పాను. సరిగ్గా రెండు నిమిషాలు పట్టింది. ఆమెన్ చాలా నీరసంగా వచ్చింది. ముందు వరుసలో ముసలమ్మ పక్కావిడతో, అయినా పడింది గదా అనడం నాకు వినపడింది. ఆ రాత్రి పాస్టరుగారింట్లోనే పడుకున్నాను.

బుధవారం ఉదయం ఏడింటికి కుప్పంలో బస్సు. పదింటికి పలమనేరు, పదకొండున్నరకు పుంగనూరు. బస్టాండు ముందు బొరుగులు పొట్లం కట్టించుకుని మదనపల్లె బస్సెక్కాను. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నా సంచిలో నల్ల అట్ట గ్రంథం చూసి, మనోళ్ళేనా అని పలకరించి కబుర్లు మొదలుపెట్టింది. రామకుప్పం పక్క జరిగిన అద్భుతం విన్నావా అని అడిగింది. దూడంత గూబ. మదనపల్లె నుంచి వచ్చిన దైవసేవకురాలు వేలు చూపిందట. రెక్కలు అంటుకుని కింద పడి బూడిదైపోయిందట.

"ఆ వచ్చింది నేనేనమ్మా," అన్నాను. "అది బూడిద కాలేదు."

ఆమె నన్ను కాళ్ళ దగ్గర నుంచి పైదాకా చూసింది.

"నువ్వు కాదులే. ఆమె పెద్ద దేవుని మనిషంట. నువ్వు సూస్తే మా మాదిరే ఉండావు."

అయినా వదల్లేదు. వేషం సంగతి, ఉండల్లో ఎలక పళ్ళు, దువ్వెన ఈక, పొద్దుగూకితే మగది పిలవడం, ఆడది చిన్నపిల్లకు మెడ చాచి పెట్టడం, కంజిరతో సహా మా పరుగు, అన్నీ వరసగా చెప్పుకొచ్చాను. నేను చెప్తుంటే నా పొట్లం ఆమె ఖాళీ చేసింది. మదనపల్లె దగ్గరపడింది. ఆమె ఒళ్ళో బొరుగులు దులుపుకుని అడిగింది.

"ఆ కడుపుతో ఉండే పిల్ల తినిందా అయితే?"

"తినింది. రెండు ముద్దలు."

"ఆ మాట మొదట సెప్పల్ల గదమ్మా," అంది.

ఒంటిగంటకు కాస్త ముందు మదనపల్లె బస్టాండులో దిగాం. ఆమె కోడలు వచ్చి ఉంది. ఆ అమ్మాయికి ఎదురుపోతూనే సంగతి చెప్పడం మొదలుపెట్టింది. నా పేరు లేదు, నా ప్రార్థన లేదు. రామకుప్పంలో ఒక పిల్ల గూబ కూతకు భయపడి తిండి మానేసిందంట, మొగగూబ పెండ్లానికి కూడు తెచ్చి పిలస్తాండాదని తెలిసినాక తినిందంట అంటోంది. ఈ ప్రయాణం గురించి నేను చెప్పిన మూడు సాక్ష్యాలకంటే అది పొట్టిగా ఉంది, సరిగ్గా ఉంది.